మరియమ్మ కడియం కరిగేలోగా

జనం ఎప్పుడో అమ్ముకున్న నగలను తేనెమైనంతో మళ్లీ చేసి, కరిగిపోయేదాకా ప్రదర్శనకు పెడుతున్నారని మిత్రుడొకడు చెప్పాడు. కరిగేదాన్ని చూడటానికి అంతదూరం ఎవరు వెళ్తారో చూద్దామని మార్చిలో ఓ శనివారం శామీర్‌పేట బయలుదేరాను.

ఎనిమిదిన్నరకు జూబ్లీ బస్టాండులో బస్సు ఎక్కాను. టికెట్టు ముప్పై రూపాయలు. అల్వాల్‌లో ఎక్కిన పెద్దావిడ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని నా పక్కన కూర్చుంది.

"గీ బస్సు జల్ది పోతదా సారూ? నా కడియం సూడనీకి పోతున్న. ఎండ ముదిరితె కరిగిపోతదంట."

పేరు మరియమ్మ. యాప్రాల్‌లో బట్టలు కుడుతుంది. పెళ్లికి తల్లి పెట్టిన వెండి కడియాన్ని ఇంటి కప్పు కోసం అమ్మేసిందట. వాళ్ల చర్చికి వచ్చే శ్వేత అనే అమ్మాయి అదెలా ఉండేదో అడిగి బొమ్మ గీసుకుంది. ప్రదర్శన ఆ అమ్మాయిదే.

హకీంపేట దగ్గర లారీ అడ్డంగా ఆగిపోయింది. మరియమ్మ లేచి నిలబడటం, కిటికీలోంచి ఎండ చూడటం, మళ్లీ కూర్చోవడం. శామీర్‌పేటలో దిగేసరికి పది దాటింది. టీ మానేసి ఆటో ఎక్కాం, మనిషికి ఇరవై.

అదొక ఖాళీ కోళ్ల షెడ్డు. రేకుల కింద అప్పటికే ఉక్కపోత. త్వరగా కరగడానికి మైనంలో నూనె కలిపారట; దారాలకు వేలాడుతున్న గొలుసులు, కమ్మలు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఒక్కోదాని పక్కన, అమ్మిన డబ్బు ఏమైందో రాసిన అట్టముక్క: "బర్రె", "అమ్మ ఆపరేషన్".

"ఇంటి రేకులు" అన్న అట్ట పక్కన కడియం ఒకవైపు జారింది గానీ విరగలేదు. మరియమ్మ చేతిలోకి తీసుకుంది.

"అదే సారూ. సొట్ట సుత గట్లనే ఉంది. గని బరువే లేదు."

"మీదే అమ్మా, తీసుకెళ్లండి," అంది శ్వేత.

మరియమ్మ దాన్ని చేతికి తొడుక్కుంది. మెత్తబడ్డ మైనం మణికట్టుకు అతుక్కుంది. కాసేపు చేయి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత మెల్లగా ఒలిచి, మైనం మళ్లీ కరిగించే గిన్నెలో వేసింది.

"ఇగ ఇంకొకలది చెయ్ బిడ్డా."

చూడాలనుకునేవారు పదిలోపే చేరుకోండి; మధ్యాహ్నానికి అట్టలే మిగులుతాయి. చౌరస్తాలో మిర్చీబజ్జీలు తిని ఒంటిగంట బస్సు ఎక్కాం. నాకైతే ఆ కడియాన్ని గిన్నెలో వేయడానికి చేతులు వచ్చేవి కావు. బాధ అనిపించలేదా అని అడిగాను.

"అమ్మిననాడు ఏడ్సిన. ఇయ్యాల మస్తు సంతోషమైంది," అంటూ మణికట్టు నా ముందుకు చాపింది. "తేనె వాసనొస్తాంది సూడు సారూ."

వంగి చూశాను. నిజంగానే వస్తోంది.