అవ్వ పేరున్న గంగాళం

పక్కింటివాళ్లు పండక్కి ఇత్తడి సామాన్లు చింతపండుతో తోముతున్నారు. ఆ పులుపు వాసన కిటికీలోంచి రాగానే చదువుతున్న పుస్తకం మూసేశాను. బద్వేలు దగ్గరి మా ఊరు, మగ్గాల చప్పుడు, నూలుకు పట్టించే గంజి వాసన, ఎండాకాలం పొద్దున జొన్నరొట్టె మీద ఊరిబిండి వేసుకుని అరుగు మీద తినడం, అన్నీ దాని వెనకే వచ్చాయి.

మా ఇంటి ఇత్తడి మీదంతా అవ్వ పేరుండేది. అవ్వ అంటే మా నాయన తల్లి, ఓబులమ్మ. చెంబు మొదలు వీధిలో ప్రతి పెళ్లికీ అరువు పోయే పెద్ద గంగాళం దాకా, చెక్కేవాడు ఊళ్లోకి వచ్చినప్పుడల్లా పక్కనే కూర్చుని చెక్కించుకునేది. చదువు రాకపోయినా అక్షరాలను వేలితో తడిమి, వంకర పోతే ఊరుకునేది కాదు.

నాయన అప్పు మీద తెచ్చిన నూలుతో ఒంటిమిట్ట తిరునాళ్లకని చీరలు నేసేవాడు. వరసగా వానలు తప్పిన ఏళ్లలో కొనేవాళ్లు లేక చీరలు అటకెక్కాయి. నూలు సావుకారు వడ్డీ కట్టడానికి ఇంకొకరి దగ్గర, ఆ వడ్డీకి మరొకరి దగ్గర తెచ్చాడు. ఒక ఉగాదికి ఓళిగల్లో బెల్లం తగ్గింది, మరుసటి ఉగాదికి ఓళిగలే లేవు. అప్పులవాళ్లు అరుగు మీద కూర్చుంటే నేను పెరటి దోవన బడికి పోయేదాన్ని. చివరికి కడప కోర్టులో ఐ.పి. పెట్టక తప్పదన్నాడు నాయన. ఉన్నదంతా అప్పగించి, తీర్చలేనని ఒప్పుకోవడం. నేసేవాడి మగ్గం మాత్రం తీసుకోరని వకీలు చెప్పాడట.

ఆ మాట విని నందికొట్కూరు నుంచి మా మేనమామ నాలుగు రోజులు ఎద్దులబండి తోలుకుని, ఆకురాయితో సహా దిగాడు.

"అత్తా, పేర్లు గీకేసి సామాన్లు మా ఇంటికి తోలుకపోతా. ఐ.పి. పెట్టేటోళ్లంతా ఇట్లే చేస్తాండారు."

అవ్వ గంగాళానికి ఆనుకుని కూర్చుంది. "నా కొడుకు అప్పుపడినాడు, దొంగతనం జేయలా. నా పేరు నేనే గీక్కోని యాడ తిరగల్ల? ఆ ఆకురాయి నీ ఎద్దుల గిట్టలకు పనికొస్తాదేమో సూడు పో."

మరునాడు అమ్మ చేత, నా చేత అన్నీ తోమించి, పేర్లు వీధి వైపు తిప్పి అరుగు మీద వరసగా పెట్టించింది. నాకు తలెత్తడానికి సిగ్గేసింది. వడ్డీకి వచ్చిన నూలు సావుకారు నిలబడిపోయాడు.

"ఏమ్మా ఓబులమ్మా, అంగడి పెట్టినావా?"

"పెట్టినానప్పా. బాగా సూసుకో. ఏదీ యాడికీ పోలేదని రేపు కోర్టులో నువ్వే చెప్పల్ల."

ఆయన నవ్వలేక, కసరలేక, మజ్జిగ అడిగి తాగి పోయాడు.

నాయన ఐ.పి. పెట్టి వచ్చి కూలికి నేయడం మొదలుపెట్టాడు. ఇత్తడంతా వేలంలో పోయింది. గంగాళాన్ని మా వీధివాళ్లే కొన్నారు. పేరు గీకించడానికి మాత్రం వాళ్లకు చేతులు రాలేదు. బళ్లో నన్ను 'ఐ.పి. ఇంటి పిల్ల' అనేవాళ్లు. అందుకే అలా అనే పిల్లల్లో ఒకరింట్లో పెళ్లికి నేను రానన్నాను. అవ్వ చెయ్యి పట్టి లాక్కుపోయి మొదటి పంక్తిలో కూర్చోబెట్టింది.

"నా పేరుండే గంగాళంలో చారు కాసినారు. నా మనమరాలికి రెండు గరిటెలు ఎక్కువెయ్యప్పా" అంది, పంక్తంతా వినేలా. వడ్డించేవాడు నవ్వి మూడేశాడు.

ఇప్పుడు అవ్వ లేదు. మగ్గం గుంత పూడ్చేశారు. ఊళ్లో అందరూ ఇత్తడి అమ్మేసి స్టీలు తెచ్చుకుంటున్నారు. గంగాళం ఎక్కడో కరిగిపోయే ఉంటుంది. మొన్న నేనూ ఒక స్టీలు చెంబు కొన్నాను. ఏం పేరు చెక్కాలని అంగట్లో అడిగితే అవ్వ పేరు చెప్పాను. అడుగున చిన్నగా వేయనా అన్నాడు.

వద్దు, పక్కన వేయమన్నాను. వీధిలోంచి కనబడాలి.