మా కంప్యూటర్ సారు గొంతు

మా కంప్యూటర్ సారు పోయారు. దినాలు కూడా అయిపోయాయి. ఇట్లాంటి మాటలు కొంత కాలం గడిచి, మనసు కుదుటపడ్డాక రాసుకుంటే బాగుంటుందని నాకూ తెలుసు. కానీ ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఆయన రికార్డు చేసి పెట్టిన గొంతు కొంత పోయింది, కొంత మిగిలింది. పోయినదాని నకలు ఇది చదివేవాళ్ళలో ఎవరో ఒకరి దగ్గర ఉండవచ్చని నా ఆశ. ఆలస్యమైతే అది దొరికినా అక్కరకు రాదు.

నేను అనంతపురంలో ఆఫీసులో ఉన్నప్పుడు సారు బామ్మర్ది ఫోన్ చేశాడు. కంప్యూటర్ సెంటర్ పనుల్లో సారుకు తోడుగా ఉండేది ఆయనే. పొద్దున టీ సగం తాగి గ్లాసు కింద పెట్టినాడు, మళ్ళీ తీసుకోలేదు అని మాత్రం చెప్పాడు. ఆ పూట ఎవరి కంప్యూటర్‌లోనో ఏదో తెరుచుకోవడం లేదంటే పోయి సరిచేసి వచ్చాను. ఏం చేశానో ఇప్పుడు గుర్తు లేదు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. నాయన గొర్రెలు కాస్తాడు, అమ్మ కూలికి పోతుంది. ఇంటర్ అయ్యాక నాయన నన్ను విడపనకల్లులో ఎరువుల అంగడి మీదున్న సారు సెంటర్‌కు తీసుకుపోయాడు. చెప్పులు కిందే వదిలి మెట్లెక్కి, గడప దగ్గరే నిలబడి, మా పాపకు ఇంగ్లీషు అంతగా రాదు సార్, ఈ మిషను ఒప్పుకుంటాదా అని అడిగాడు. సారు తల ఎత్తకుండానే జవాబిచ్చారు.

"దానికీ రాదప్పా. ఒకటీ సున్నా తప్ప ఏమీ తెలీని మొద్దు అది. మీ పాపే దానికి చెప్పల్ల."

నాయన ఆ మాట ఇంటికి పోయేదాకా ఎదురొచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఇప్పటికీ ఎవరైనా నా ఉద్యోగం ఏమిటని అడిగితే, మొద్దుకు బుద్ధి చెప్పే పని అంటాడు.

సారు పెద్ద చదువులు చదివినవారు కాదు, పెద్ద కంపెనీల్లో చేసినవారూ కాదు. బళ్ళారిలో కొన్నాళ్ళు పని నేర్చుకుని వచ్చి సెంటర్ పెట్టారు. చొక్కా జేబులో ఎప్పుడూ వక్కాకు పొట్లం ఉండేది. ఆషాఢం గాలికి కిటికీలు మూసినా దుమ్ము ఆగేది కాదు. వారానికోసారి మా చేత కీబోర్డులన్నీ బోర్లించి తట్టించేవారు. ఈ దుమ్ములో శనక్కాయ వేసినా మొలుస్తాదని నవ్వేవారు. కోపం కూడా ఉండేది. తెర మీద వేలు పెట్టి చూపిస్తే చెయ్యి మీద స్కేలుతో ఒకటి పడేది. తన పేరు మీద మిషన్‌లో పెట్టుకున్న భాగంలోకి మాత్రం ఎవరినీ రానిచ్చేవారు కాదు. మీ పని రెండు చోట్ల దాచుకోండి అని మాకు రోజూ చెప్పిన మనిషి, తన పని ఒక్క చోటే దాచుకున్నారు.

నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి కిటికీ పక్క మిషన్‌లో చక్కగా నడిచిన నా ప్రోగ్రాం, తలుపు పక్క మిషన్‌లో తెరుచుకోలేదు. ఎర్రగా ఏదో వచ్చింది. నేను చెడగొట్టానేమోనని భయపడి వెంటనే మూసేశాను. సారు వెనకాలే ఉన్నారు. కబురు తెచ్చినోడి మొహాన తలుపేస్తావేమమ్మీ అన్నారు. మళ్ళీ తెరిపించి, ఆ ఎర్ర అక్షరాలు చివరిదాకా నా చేత బయటికి చదివించారు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, పూర్తిగా విను అన్నారు. అందులో రెండు అంకెలు ఉన్నాయి. ప్రోగ్రాం కోరుతున్న రన్‌టైమ్ వెర్షన్ ఒకటి, ఆ మిషన్‌లో ఉన్న వెర్షన్ మరొకటి. మనం రాసిన ప్రోగ్రాం తనంతట తాను నడవదు, దాన్ని నడిపించే రన్‌టైమ్ అని ఒకటి మిషన్‌లో ఉండాలి, ఆ రెండూ ఒక కాలానివి కావాలి అని ఆ రోజే నాకు తెలిసింది.

"ఇది మంచిదే, అదీ మంచిదే. జత కుదర్లేదు, అంతే. ఎవురినీ తిట్టాకు."

అయితే పాతది తీసేసి కొత్తది వేద్దాం సార్ అన్నాను. కొత్త కోడలు వచ్చిందని అత్తను వీధిలోకి తోస్తామా, రెండు పొయ్యిలు పెట్టుకుంటే సరి అన్నారు. పాత రన్‌టైమ్ ఒక చోట, కొత్తది ఇంకో చోట పెట్టి, ఏ ప్రోగ్రాం దేన్ని వాడుకోవాలో విడివిడిగా చెప్పడం చూపించారు. ఈ రోజు నాకు జీతం వచ్చే పనిలో సగం అదే.

ఏ మిషన్ మొరాయించినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. నిన్న నడిచింది కదా, నిన్నటికీ ఈ పొద్దుటికీ ఏం మారింది? ఏమీ మారలేదు సార్ అంటాం. ఏమీ మారకుండా ఏదీ చెడిపోదమ్మీ, ఇంగోసారి ఆలోచించు అనేవారు.

నాలుగేళ్ళ కిందటేమో, కూలి పనుల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు సాయంత్రం పూట అక్షరాలు నేర్పాలని సారుకు తోచింది. పలక పట్టుకోవడానికి వాళ్ళకు సిగ్గు. మనవరాలి ముందు పలక పట్టుకుని కూర్చోమంటావా అన్నారట. అందుకని సారు ఒక ప్రోగ్రాం తయారుచేశారు. తెర మీద మూడు అక్షరాలు కనిపిస్తాయి, మౌస్‌తో నొక్కాలి. సారు గొంతు "క యాడుందో చూపియ్ తల్లీ" అంటుంది. తప్పు నొక్కితే "కాదు తల్లీ, ఇంగోసారి." సరిగ్గా నొక్కితే "అట్లా తల్లీ, అట్లా." ప్రతి అక్షరం ఆయన గొంతే. పగటిపూట గదిలోనే రికార్డు చేసుకున్నారు కాబట్టి కింద రోడ్డు కూడా అందులోకి వచ్చింది. ‘ళ’ వెనకాల ఒక లారీ హారన్ ఉంటుంది. మాయమ్మ వాళ్ళు ఆ అక్షరాన్ని లారీ ళ అనే పిలుస్తారు.

మాయమ్మ ఆ మిషన్‌తో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. ఉండప్పా, చూస్తాండా కదా, తొందరేమి అనేది. సారు పక్క గదిలోంచి విని నవ్వేవారు. నేను పంపే మెసేజు ఎవరి చేతా చదివించుకోకుండా తానే చదవాలని అమ్మ పట్టుదల. గుణింతాల దాకా వచ్చింది.

దినాలైన కొన్నాళ్ళకు సెంటర్ మళ్ళీ తెరిచారు. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. సారు గొంతు రావడంలేదమ్మీ, ఎర్రగా ఏందో వస్తాండాది అంది. ఆదివారం పోయాను. మెట్లెక్కుతుంటే వక్కాకు వాసన ఇంకా ఉంది. ప్రోగ్రాం తెరిచి, వచ్చిన ఎర్ర అక్షరాలను చివరిదాకా చదివాను. అవే రెండు అంకెల తగవు. ప్రోగ్రాం పాత రన్‌టైమ్ కోరుతోంది. మిషన్‌లో వేరే పనుల కోసం వేసిన కొత్తది మాత్రమే ఉంది.

నా నోట ఆయన ప్రశ్నే వచ్చింది. మొన్నటిదాకా నడిచింది కదన్నా, ఏం మారింది అని సారు బామ్మర్దిని అడిగాను. ఏం మార్లేదమ్మా, మేం దాన్ని ముట్టుకోనే లేదు అన్నాడు. ఇంగోసారి ఆలోచించన్నా అన్నాను. సారు భార్య గడప దగ్గర నిలబడి వింటోంది.

"మీ సారు పోయినాడు. అది తప్ప ఏం మారిందమ్మీ?"

అప్పుడు బామ్మర్ది మెల్లగా చెప్పాడు. పొద్దున మిషన్ వేయగానే తెర మీద సారు పేరు, పేరు పైన ఆయన ఫోటో వస్తున్నాయట. అక్క చూసి రోజూ ఏడుస్తోందట. "గుడ్డలు ఇచ్చేస్తిమి, మంచం ఇచ్చేస్తిమి. పోయినోళ్ళవి ఇంట్లో పెట్టుకోరు కదా. పేరు మటుకు ఎందుకని మిషన్లోంచి తీసేస్తిని. ఫైళ్ళు కూడా తీసేయాల్నా అని మిషను అడిగినాది. అవునంటిని."

పాత రన్‌టైమ్ సారు పేరు మీదున్న ఆ భాగంలో ఉండేది, ప్రోగ్రాం అక్కడినుంచే దాన్ని వాడుకునేది. ఆయన రికార్డు చేసిన గొంతు కూడా అక్కడే ఉండేది. ఎవరినీ రానివ్వని గది అది. చావు ఇంట్లో అందరూ చేసే పనే బామ్మర్ది చేశాడు. నాకు కోపం రాలేదు. ఎవరినీ తిట్టలేదు.

ఆ వెర్షన్ రన్‌టైమ్ ఇంటర్నెట్‌లో దొరికింది. తెచ్చి, సారు నేర్పినట్టే వేరే పొయ్యి పెట్టాను. ప్రోగ్రాం తెరుచుకుంది. మూడు అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఏ శబ్దమూ లేదు. అమ్మ చెవి ముందుకు పెట్టి ఎంతసేపో కూర్చుంది. రన్‌టైమ్ లోకంలో ఎక్కడైనా దొరుకుతుంది. గొంతు దొరకదు.

తీసేసిన ఫైళ్ళు వెంటనే చెరిగిపోవు. వాటి మీద వేరేవి పడేదాకా డిస్కులో ఎక్కడో ఉంటాయి. కానీ ఈలోగా ఆ మిషన్ మీద రోజూ పని జరిగింది. నాకు చేతనైనంత వెతికాను, ఆఫీసులో తెలిసినవాళ్ళ చేత వెతికించాను. ముక్కలు ముక్కలుగా కొన్ని వచ్చాయి. సగం తెగిన ‘ఊ’ వచ్చింది. అక్షరం లేకుండా లారీ హారన్ వచ్చింది. చెక్కు చెదరకుండా పూర్తిగా వచ్చింది ఒక్కటే: "కాదు తల్లీ, ఇంగోసారి." హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాక కూడా ఆ మాట సన్నగా వినిపిస్తూనే ఉంది.

పోయిన అక్షరాలన్నీ నా గొంతుతో రికార్డు చేసి పెట్టాను. వాటికి ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. "అట్లా తల్లీ" కూడా నేనే చెబుతానంటే అమ్మ ఒప్పుకోలేదు. అది ఆయన మాట, నువ్వు అనాకు అంది. కాబట్టి ఇప్పుడు ఆ ప్రోగ్రాం ఇట్లా నడుస్తోంది. అక్షరం యాడుందో నేను అడుగుతాను. తప్పు నొక్కితే సారు పలుకుతారు. సరిగ్గా నొక్కితే ఎవరూ పలకరు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ ప్రోగ్రాం మొదట తయారైనప్పుడు సారు మా తర్వాతి బ్యాచ్ పిల్లలకు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి, మీ మీ ఊళ్ళలో నడిపి చూడండి అని పంపారట. మీరు వాళ్ళలో ఒకరైతే, పాత పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ఒకసారి వెతకండి. ప్రోగ్రాం తెరుచుకోకపోతే పాడైందని పారేయకండి, జత కుదరకనే తెరుచుకోదు. అందులో ఏదీ తీసేయకుండా ఉన్నది ఉన్నట్టు పంపండి. ఈ పత్రికకు రాసినా, సెంటర్‌లో చెప్పినా నాకు చేరుతుంది. ఈ నెల ముప్పయ్యో తేదీలోగా జవాబు ఇవ్వండి. ఆ తర్వాత మా వీధి ఆడవాళ్ళు చాలామంది బెంగళూరు పనులకు పోతారు, అమ్మ కూడా పోతానంటోంది. దొరకలేదన్నా సరే, ఆ మాటే రాయండి.

మొన్న సాయంత్రం నేను వెనక కూర్చుని చూశాను. తెర మీద క, గ, చ వచ్చాయి. క చూపించమని నా గొంతు అడిగింది. అమ్మకు క తెలుసు, నా పేరులో మొదటి అక్షరం అదే. మౌస్ బాణం క మీదికే పోయింది. అక్కడ ఆగింది. తర్వాత మెల్లగా పక్కకు జరిపి గ నొక్కింది. "కాదు తల్లీ, ఇంగోసారి" అన్నారు సారు. అమ్మ మళ్ళీ గ నొక్కింది. వెనక వరసలో వాళ్ళు కూడా వింటూ కూర్చున్నారు.