మూడు పళ్ళు పెంచిన మా యాదగిరన్న

నిన్న పొద్దున టీ కప్పు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. మా అన్న కొడుకు.

"అత్తా... బాపు పోయిండు. నిద్రలనే."

నమ్మలేదు. మొన్ననే కదా నాతో అరగంట మాట్లాడాడు! మనవడు కొత్త బండి కొన్నాడట. "ఆరు గేర్లున్నయట చెల్లె! నన్నెక్కించుకోరా అంటె ఎక్కించుకుంటలేడు" అని కంప్లైంట్ కూడా చేశాడు.

చాలాసేపు ఏడ్చాను. మధ్యలో వరంగల్ రోడ్డు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ కథ మన వాళ్ళందరికీ చెప్పాలి. నేను చెప్తుంటే నా మనవరాలు టైప్ చేస్తోంది.

పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. హైదరాబాద్ దబీర్‌పురాలో మాది పాడి ఇల్లు. వాకిలి నిండా బర్రెలు. బాపు, అన్న పొద్దున్నే పాలు పిండి ఇళ్ళకు పోసి వచ్చేవాళ్ళు.

అన్న ప్రాణం మాత్రం బండి మీదే.

అది మిలిటరీ వాళ్ళు వాడి అమ్మేసిన మోటార్ సైకిల్. ఒకప్పుడు దానికి సైడ్‌కార్ ఉండేదట. అన్న చేతికి వచ్చేసరికి అది లేదు. గేర్లు మాత్రం ఆ బరువు లాగడానికి పెట్టినవే.

గల్లీల్లో బాగానే పోయేది. ఊరు దాటి స్పీడ్ అందుకుంటే చాలు, ఇంజన్ గగ్గోలు పెట్టేది. చేతులు తిమ్మిరెక్కేవి. వెనక కూర్చున్న మనిషి అరిచినా ముందున్న వాళ్ళకు వినపడేది కాదు.

ఒక రోజు అన్న వంటింట్లో నా ముందు ఒక గిన్నె, ఒక పళ్ళెం పెట్టాడు.

"గీ గిన్నె ఇంజన్ దిక్కున్న పళ్ళ చక్రం అనుకో. పళ్ళెం ఎనుక చక్రానిది. రెండిటికీ ఒకటే చైన్. ఇప్పుడు చిన్నది మూడు సుట్లు తిరిగితెనే పెద్దది ఒక్క సుట్టు తిరుగుతున్నది. చిన్నదానికి మూడు పళ్ళు ఎక్కువుంటె రెండున్నర సుట్లకే తిరుగుతది. గదే స్పీడ్, ఇంజన్‌కు మాత్రం ఆయాసం ఉండదు."

అమ్మ వచ్చి పళ్ళెం లాక్కుంది. "అన్నం తినే పళ్ళెంతోని ఏం ఆటలురా!"

జుమ్మేరాత్ బజార్ పాత ఇనుములో వెతికి వెతికి అలాంటి చక్రం సంపాదించాడు. మెకానిక్ ఖలీల్ భాయ్ దాన్ని బిగించి, చైన్‌ను కొంచెం పొడవు చేశాడు.

మొదటి రోజు లాడ్ బజార్‌లో పరువు పోయింది. ఆ జనంలో మెల్లగా పొమ్మంటే బండి కుదుపు మీద కుదుపు ఇచ్చి ఆగిపోయింది. బండి అలిగిందా ఏంటని గాజుల దుకాణం వాళ్ళు ఒకటే నవ్వు.

"ఇది బజార్ల తిరిగే బండి కాదు భాయ్, సడక్ బండి!" అన్నాడు అన్న, చెమటలు తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే నాకు వరంగల్‌లో టీచర్ ట్రైనింగ్ ఇంటర్వ్యూ వచ్చింది. సీటు రాకపోతే మాఘంలో పెళ్ళి అని బాపు చెప్పేశాడు. సంబంధం కూడా చూసిపెట్టాడు.

బయలుదేరే రోజు పొద్దున్నే బర్రె ఈనడం మొదలుపెట్టింది. దూడ అడ్డం తిరిగింది. నన్ను తీసుకెళ్ళాల్సిన అన్న, బాపు ఇద్దరూ కొట్టంలోనే. దూడ బతికింది. రైలు వెళ్ళిపోయింది.

నేను గడప మీద కూర్చుని ఏడుస్తున్నాను. అన్న చేతులు కడుక్కుని వచ్చాడు.

"రైలు పోతె పోనీ. సడక్ యాడికి పోయింది? ఎక్కు చెల్లె."

"ఆడపిల్లను గంత దూరం బండి మీదనా?" అని అమ్మ లొల్లి పెట్టింది. బాపు దూడ దగ్గరికి వెళ్ళిపోయాడు. చివరికి అమ్మే పాత శాలువా తెచ్చి నా తలకు చుట్టి, "గట్టిగ పట్టుకో బిడ్డా" అంది.

ఉప్పల్ దాటాక అన్న నాలుగో గేరు వేశాడు.

గగ్గోలు లేదు. మజ్జిగ చిలికే కవ్వంలా మెత్తటి చప్పుడు. తాటిచెట్లు వెనక్కి పోతున్నాయి. గాలి, ఎండ, మేమిద్దరం.

"చెల్లె! ఇనవడుతున్నదా?"

"మస్తు ఇనవడుతున్నదన్నా!"

ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

కాసేపటికి అన్న అడిగాడు. "గా సంబంధం నీకిష్టమేనా?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

"లేదన్నా. నేను పిల్లలకు సదువు చెప్త."

 భువనగిరి దగ్గర ఎత్తు వచ్చింది. గేరు దించి, నెమ్మదిగా ఎక్కించి, పైకి చేరాక అన్నాడు. "సీటొచ్చినా రాకున్నా బాపుతోని నేను మాట్లాడుత. నువ్వు ఫికర్ జెయ్యకు."

జనగామలో టీకి ఆగితే, చేతులు చాపి ఆ హోటలాయనకు చూపించాడు. "సూడు, తిమ్మిరే లేదు!" పాపం, ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

టైముకు చేరాం. నా ముఖమంతా దుమ్ము. ఇంటర్వ్యూలో ఒక మేడం, నిష్పత్తి అంటే పిల్లలకు ఎలా చెప్తావని అడిగారు. టేబుల్ మీద టీ కప్పు, సాసర్ ఉన్నాయి. వాటిని జరిపి బండి చక్రాల సంగతంతా చెప్పాను.

"మరి గుట్ట ఎక్కాలంటే?" అన్నారు.

"గేరు దించాలె మేడం. భువనగిరి కాడ మేం గట్లనే జేసినం."

అందరూ నవ్వారు. అక్కడికక్కడే సీటు ఇస్తున్నామని చెప్పారు.

ఇంటికి వచ్చాక, సీటు వచ్చిందన్నా బాపు మళ్ళీ సంబంధం మాటే ఎత్తాడు. అన్న ఎదురుగా నిలబడ్డాడు. బాపు ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి.

"వద్దు బాపు. దానికిష్టం లేదు. అది సదువుకుంటది."

బాపు వారం పాటు అన్నతో మాట్లాడలేదు. తర్వాత నన్ను హాస్టల్‌లో దింపడానికి తనే వచ్చాడు. రిటైర్ అయ్యేదాకా బడిలో పాఠాలు చెప్పాను, ఎంతో సంతోషంగా.

నిన్న సాయంత్రం వాడకట్టంతా వచ్చింది. అన్న చేసిన అల్లరి తలా ఒకటి చెప్పారు. ఏడుస్తూనే కడుపుబ్బ నవ్వుకున్నాం.

పోయిరా అన్నా. నొప్పీ దిగులూ లేని చోట నువ్వు చల్లగా ఉండాలి.

నీ చెల్లె,
అనసూయ