చిన్నమ్మాయి ఆయుష్షు

డెబ్బై రెండేళ్లొచ్చినా ఆమెను అందరూ చిన్నమ్మాయి అనే పిలిచేవారు. కన్నతల్లి ఇంకా నిక్షేపంగా ఉండి, రోజంతా ఆ పేరుతో కేకలేస్తుంటే వీధికి వేరే పిలుపు ఎక్కడ దొరుకుతుంది! తల్లికి తొంభై ఏడు. చెవులు మందగించాయి గానీ గొంతు పిసరంతైనా తగ్గలేదు. మూడో అంతస్తులో ఆవిడ పిలిస్తే, కింద బట్టలు సరిచేసే దుకాణంలో ప్యాంటు అంచులు కుడుతున్న కూతురు మిషన్ ఆపి మెట్లెక్కేది.

ఆ ఇంటి ఆడవాళ్లది గట్టి పిండం. అమ్మమ్మ వంద దాటాకే పోయింది. ఆమెకు చాకిరీ చేసింది చిన్నమ్మాయే. తర్వాత పెద్దమ్మ మంచాన పడితే ఆవిడకూ చేసింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు మంచంలో ఉండేవారు. "దానికేం, రాయిలా ఉంటుంది" అనేవారు చుట్టాలు. రాయికి నడుంనొప్పి రాదని వాళ్ల ధీమా.

ఈ ఆయుష్షు సంగతి ఎలా తెలిసిందో, ఆయువు పెంచే మందుల మీద పనిచేసే పరిశోధనశాల నుంచి ఒక కుర్ర డాక్టరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తల్లీకూతుళ్లకు వివరించింది.

"ముసలితనం నుదుట రాసింది కాదమ్మా, అదీ ఒక జబ్బే. ఒంట్లో ఎక్కడ అరిగితే అక్కడ బాగుచేసుకుంటూ పోతే నూటయాభై ఏళ్లు బతకొచ్చు. అదీ మంచంలో కాదు, తిరుగుతూ."

"అంటే నేనింకా సగం దూరం కూడా రాలేదా?" అంది చిన్నమ్మాయి. ఆ మాట అంటూనే గోడకు చేరగిలబడింది.

తల్లి మాత్రం దుప్పటి తన్నేసి లేచి కూర్చుంది. "ఏదీ ఆ మాత్ర, నాకివ్వు!"

"ఎనభై దాటినవాళ్లను ఈ ప్రయోగంలోకి తీసుకోవడం లేదు మామ్మగారూ."

"ముందే రావొద్దూ మరి? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని ముసలావిడ విసుక్కుని, కూతురి వైపు తిరిగింది. "పోనీ నువ్వు వేసుకోవే. నువ్వు ముందు పోతే నా గతేం కాను?"

వద్దనడానికే చిన్నమ్మాయి నోరు తెరిచింది. ఈలోగా డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పింది. నెలకొక రోజు పొద్దున్నించి చీకటిపడేదాకా అక్కడి గదిలో పడుకోవాలి. ఒంటికి తీగలు పెట్టి పరీక్షిస్తారు.

"అక్కడికి ఇంట్లోవాళ్లు రావొచ్చా?"

"రాకూడదమ్మా."

"ఫోనో?"

"బయట పెట్టేయాలి."

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు తల్లీ" అంది చిన్నమ్మాయి.

ఆ రోజుకు తల్లి దగ్గర తమ్ముడు కూర్చోవాలి. రెండు వీధుల అవతలే ఉంటాడు. "మగాణ్ణి, నాకేం చేతనవుతుందక్కా" అంటూ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. మందు కోసమనేసరికి కాదనలేకపోయాడు. మొదటి రోజు ఆమె తిరిగొచ్చేసరికి అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, అమ్మ ఇన్నిసార్లు పిలుస్తుందా?"

"ఇవాళ కాస్త శాంతంగానే ఉన్నట్టుంది" అంది ఆమె చెప్పులు విడుస్తూ.

ఆ గదిలో తెల్ల దుప్పటి, కార్లు నిలిపే చోటు కనిపించే కిటికీ తప్ప మరేం లేవు. మొదటి నెలల్లో ఆమె ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. తర్వాత మధ్యమధ్య మెలకువ వచ్చేది. అలాంటప్పుడు డాక్టరమ్మ అడిగింది: "నిజంగా ఇంకో యాభై ఏళ్లుంటే ఏం చేస్తారమ్మా?"

చిన్నమ్మాయి కిటికీలోంచి కార్ల వరస చూసింది. "పడుకుంటాను" అంది చివరికి. డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"మా నాన్న యాభై నిండకుండానే పోయాడు. ఇల్లు కట్టాలనీ, ఈత నేర్చుకోవాలనీ ఎన్ని అనుకునేవాడో. అందుకే ఈ పనిలోకి వచ్చాను."

చిన్నమ్మాయి తీగలున్న చేత్తోనే ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. కావాలనుకున్నవాడికి చాలలేదు, తనకేమో ఏం చేసుకోవాలో తెలియనంత ఉంది.

ఏడాది తిరిగేసరికి ఆ ప్రయోగం ఆగిపోయింది. మందు పెద్దగా పనిచేయలేదట. పైగా పోల్చి చూడడానికి కొందరికి మందులేని మాత్రలిచ్చారు. చిన్నమ్మాయికి వచ్చినవి అవే. డాక్టరమ్మ తలొంచుకుని చెబితే, "పోనీలే, నిద్ర నిజమే కదా" అని ఆమే సముదాయించి వచ్చింది.

సంగతి విని తమ్ముడు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ఇక నేను రానక్కర్లేదుగా?"

"మందు ఆగిందిరా, నా రోజు ఆగలేదు. వచ్చే నెలా రా."

"మరి ఎక్కడికెళ్తావ్?"

"ఏమో. నీకెందుకు?"

అక్క అలా మాట్లాడడం అతనెప్పుడూ వినలేదు. గొణుక్కుంటూనే వచ్చాడు, ప్రతి నెలా వచ్చాడు. ఆమె బస్సెక్కి ఆఖరి స్టాపుదాకా పోయేది, కిటికీకి తలానించి కునుకు తీసేది, అదే బస్సులో తిరిగొచ్చేది.

తల్లి నూట ఒకటో ఏట, మధ్యాహ్నం టీ చల్లారిందని కోప్పడి, కళ్లు మూసుకుని మళ్లీ తెరవలేదు. చిన్నమ్మాయి ఏడవలేదు. వారంపాటు పడుకుంది. లేచాక ఇల్లంతా సద్దుమణిగి ఉంది, చేతులకు పని తోచలేదు.

అప్పుడే డాక్టరమ్మ ఫోన్ చేసింది. వేరే ఊళ్లో, వేరే మందు. "మీరు వస్తారామ్మా?"

చిన్నమ్మాయి కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది. "ఆలోచించి చెబుతాను తల్లీ" అంది. ఈసారి వద్దనడానికి నోరు రాలేదు. అందుకు ఆమే కొంచెం ఆశ్చర్యపోయింది.