వీపు చూపించే పుస్తకం

మా పాపకు వినపడదని డాక్టరు చెప్పినప్పుడు దానికి ఏడాదిన్నర. ఇంట్లో అందరూ ఏడ్చారు. నేను పుస్తకాలు కొన్నాను. ఏడుపు నాకు అంత సులువుగా రాదు, కోపమైతే పిలవకుండానే వస్తుంది. ఆ కోపమంతా మూటగట్టుకుని పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి, చెవుడు గురించి రాసింది ఏది కనబడితే అది ఇంటికి మోసుకొచ్చాను. దాదాపు అన్నీ ఇంగ్లీషువే. అరవంలో ఒకటి దొరికింది గాని, అందులో సగం దేవుణ్ణి నమ్ముకోమనే ఉంది. తెలుగులో నాకు ఒక్కటీ దొరకలేదు.

ఆ పుస్తకాలన్నిటికీ ఒకటే గుణం, తల్లికి పని చెప్పడం. బిడ్డకు స్నానం చేయిస్తూ మాట్లాడు, అన్నం కలుపుతూ మాట్లాడు, జడ వేస్తూ మాట్లాడు, నోరు మాత్రం మూయకు. ఆ సలహా పాటించడానికి నేనేమీ కష్టపడలేదు, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నేను రోజంతా వాగేదాన్ని. పాప నా పెదాలకేసి చూసి చూసి అలిసిపోయి తల తిప్పుకునేది. చెవికి పెట్టిన మిషను దానికి చప్పుడు తెచ్చింది గాని మాట తేలేదు. ఒక పుస్తకమైతే, సైగలు అలవాటైన బిడ్డకు ఇక మాటే రాదని బెదిరించింది. దాన్ని తీసుకెళ్ళి చిత్తు కాగితాల్లో పడేశాను. మాది మద్రాసు సౌకార్‌పేటలో నోటుపుస్తకాలు, కాగితాల హోల్‌సేల్ వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు. ఏ కాగితానికి ఏ గతి పట్టించాలో మాకు తెలుసు.

పాపకు మూడేళ్ళప్పుడు ఒక సైగల పుస్తకం జిరాక్స్ కాపీ చేతికొచ్చింది. మన దేశంలో వినపడనివాళ్ళు వాడుకునే సైగలే, పేజీకి నాలుగు బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ ఒక మనిషి మనకు ఎదురుగా నిలబడి చేతులెత్తి ఉంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన కొట్టును గుమాస్తాకు అప్పగించి పైకి వచ్చేవాడు. ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బాకు ఆనించి, ముగ్గురం దాని ముందు కూర్చుని సాధన చేసేవాళ్ళం. మా అత్త గుమ్మం దగ్గర కూర్చుని వక్క నములుతూ చూసేది.

నాలుగో రోజో అయిదో రోజో ఆమె ఉండబట్టలేక అడిగింది. "ఏమే, అంతా ఎడంచేత్తోనే చేస్తా ఉండారే. చెవిటోళ్ళంతా ఎడంచేతోళ్ళా?"

"పుస్తకంలో అట్లానే ఉండాది అత్తా. చూడండి, లేచిన చెయ్యి ఈ పక్కనే కదా ఉండాది."

"అది ఆ బొమ్మకు కుడిచెయ్యి మే. అది నీకు ఎదురుగా..."

"అచ్చేసినోళ్ళకు తెలీనిది మీకు తెలుసునా?" అన్నాను. పాప ముందరే, మా ఆయన ముందరే, గట్టిగా అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా సాధన జరిగే చోటికి మళ్ళీ రాలేదు. పెద్దావిడకు చాదస్తం అనుకుని నేను పేజీ తిప్పాను.

రెండేళ్ళు అట్లా నేర్చుకున్నాం. పాప మాకంటే చురుకు. నీళ్ళు, కాకి, బన్ను, ఇంకొంచెం, వద్దు, పో. ముఖ్యంగా వద్దు. ఇల్లంతా దాని చేతుల కబుర్లే. నేను చుట్టాలందరి దగ్గరా గొప్పలు చెప్పుకున్నాను.

కోడంబాక్కం స్టేషన్‌లో ఆదివారం సాయంత్రాలు వినపడనివాళ్ళు కలుసుకుంటారని ఎవరో చెబితే, దాని అయిదో ఏట తీసుకెళ్ళాం. ప్లాట్‌ఫారం చివర ఇరవై ముప్పై మంది గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. రైళ్ళు కూతలు పెట్టుకుంటూ వచ్చి పోతున్నా వాళ్ళ కబుర్లకు అడ్డమే లేదు. అన్ని చేతులు అంత వేగంగా కదలడం చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

వాళ్ళలో సినిమావాళ్ళకు బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. ఆమెకూ వినపడదు. పాపను దగ్గరికి పిలిచి, సంచిలో వేరుశనగ ఉండ కోసం వెతుకుతూ, అరచెయ్యి చూపించి 'ఆగు' అంది. పాప కూడా తనకు వచ్చిన 'ఆగు' చేసి చూపించింది. ఎడంచేత్తో, అరచెయ్యి తన ముఖంవైపు తిప్పుకుని, అద్దం చూసుకుంటున్నట్టు. పుస్తకంలో బొమ్మ అరచెయ్యి మాకు కనబడింది కదా, మేమూ మా అరచెయ్యి మాకే కనబడేట్టు పట్టుకోవడం నేర్చుకున్నాం. ఆవిడ నన్ను ఇంకేదైనా చేయమంది. చేశాను. మా ఆయన చేత చేయించింది. తర్వాత మిగతావాళ్ళందరినీ పిలిచి మమ్మల్ని చూపించింది. వాళ్ళు నవ్విన నవ్వుకు స్టేషన్ అంతా మావైపు తిరిగింది. మీ ఇంటిల్లిపాదీ ఎడంచేతివాళ్ళా అని ఒకాయన చీటీ మీద రాసి అడిగాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. రెండేళ్ళుగా మేం బిడ్డకు నేర్పింది తిరగేసిన భాష. ఆ కుట్టుపని ఆవిడ నవ్వాపుకుని, నా వెనక్కి వచ్చి నిలబడి, నా మణికట్లు రెండూ పట్టుకుంది. కుడిచెయ్యి పైకెత్తించి అరచెయ్యి బయటికి తిప్పింది. అక్షరాభ్యాసం నాడు బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టి దిద్దించినట్టు, అక్కడ ప్లాట్‌ఫారం మీద నాకు పది మాటలు దిద్దించింది. ఎదురుగా చూసి నేర్చుకుంటే తిరగబడింది, వెనకనుంచి పట్టుకుంటే చక్కగా వచ్చింది. అంతే సంగతి. పాప వేరుశనగ ఉండ తింటూ ఇదంతా కళ్ళప్పగించి చూసింది.

కుడిచేతికి మారడానికి మాకు ఆరు నెలలు పట్టింది, పాపకు ఆరు రోజులు. మేం చెయ్యి మార్చిన సంగతి అత్త గమనించింది. కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టింది. మీరన్నదే నిజం అత్తా అని నేను అనాలి. అనలేదు. ఆ మాట నా గొంతు దాటడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది.

అన్నేళ్ళలో అత్త ఒక్క సైగ చేయలేదు. తిన్నావా అని నోటి దగ్గర చెయ్యి పెట్టడం, రమ్మని చెయ్యి ఊపడం అందరూ చేసేవే, అవి లెక్కలోకి రావు. పాపకు చెప్పాల్సింది ఏదైనా నాకు చెప్పేది. పాప చెప్పింది నేను ఆమెకు చెప్పేదాన్ని. పూర్వం ఈ పట్నంలో దొరలకూ వర్తకులకూ మధ్య దుబాసీలు ఉండేవాళ్ళట. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. దుబాసీకి ఒక సుఖం ఉంది, రెండు పక్కల మాటా తన గుప్పిట్లోనే ఉంటుంది. "ఆ జుట్టేంది దానికి, దయ్యం మాదిరి," అని అత్త అంటే, జడ వేసుకుంటే బాగుంటావంటోంది అవ్వ అని పాపకు చెప్పేదాన్ని. అవ్వకు చాదస్తం అని పాప అంటే, అవ్వకు ఓపిక ఎక్కువంటోంది అత్తా అనేదాన్ని. ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఒకే కప్పు కింద ఉంటూ వాళ్ళిద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఉండిపోయారని నాకు తట్టనే లేదు.

పాప బొమ్మలు వేసే చదువు చదువుకుంది. ఇప్పుడు దానికి ఇరవై నాలుగు. ఆదివారాలు ఇప్పటికీ ఆ స్టేషన్‌కు వెళుతుంది, వచ్చి నాతో గొడవ పెట్టుకుంటుంది. కొత్తగా వచ్చే తల్లిదండ్రులు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుని వస్తున్నారట, అయినా చాలామంది ఎడంచేతులతోనే దిగుతున్నారట, మనం చేసిన తప్పే చేస్తున్నారట. ఆ కోపంతోనే పోయిన ఏడాది ఒక పుస్తకం మొదలుపెట్టింది. వినపడని బిడ్డ ఉన్న తెలుగిళ్ళ కోసం, ఇంట్లో రోజూ వాడే తొంభై మాటలు. కింద తెలుగు రాసే పని నాకిచ్చింది. బొమ్మలన్నీ వీపు వైపు నుంచి వేసింది. ఒక జడ, రవిక వెనకభాగం, భుజాల మీదుగా కనబడేట్టు ముందుకు చాచిన రెండు చేతులు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటే బొమ్మ కుడిచెయ్యీ మన కుడిచెయ్యీ ఒకే పక్కన ఉంటాయి. ముఖం కనబడకపోతే సైగ సగమే కాబట్టి, పై మూలన రూపాయి బిళ్ళంత గుండ్రంలో ముఖం కూడా వేసింది.

తెలుగు పిల్లల పుస్తకాలు వేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఒంగోలు వైపు నుంచి వచ్చి ఈ మధ్యే ఇక్కడ ఆఫీసు పెట్టాడు. పేజీలన్నీ ఓపిగ్గా తిప్పి కళ్ళద్దాలు తీశాడు. "బొమ్మలు చాలా బాగున్నాయమ్మా. కానీ వీపులెవరు చూస్తారండీ? ముందుకు తిప్పి వేయించండి, వచ్చే నెలే ప్రెస్సుకు పంపిద్దాం."

పాపకు ఉన్నదున్నట్టు చెప్పాను. దాని ముఖం ఎర్రబడింది. నా కోపం దానికి పూర్తిగా వచ్చింది, నోటికి బదులు చేతుల్లోకి వచ్చింది. ముందుకు తిప్పితే ఈ పుస్తకమే అక్కర్లేదు, అలాంటివి ఉన్నాయి, మా అమ్మ అలాంటిది చూసే రెండేళ్ళు నన్ను తిరగేసి పెంచింది అంది. ఆ మాటను కూడా ఆయనకు నేనే చెప్పవలసి వచ్చింది.

ఆయన నవ్వాడు. మంచివాడే, కాకపోతే మొండివాడు. "సరే, ఒక పని చేద్దాం. సైగలు బొత్తిగా రాని మనిషిని, వయసు మళ్ళిన మనిషిని ఒకరిని చూపించండి. పుస్తకం చేతికిద్దాం. ఎవరూ నేర్పకూడదు. వస్తే వీపులే వేద్దాం. రాకపోతే మీరు ముందుకు తిప్పాలి." పాప క్షణం ఆలోచించి ఒప్పుకుంది. ఏడాది శ్రమను ఆ పందెం మీద పెట్టేసింది. అలాంటి మనిషి ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు.

అత్తకు ఎనభై దగ్గరపడింది. పళ్ళు లేక వక్క మానేసింది. నేను వెళ్ళి అడిగితే తల అడ్డంగా ఊపింది. "నాకెందుకు మే ఇప్పుడు. నేను తప్పుగా చేస్తాను, నువ్వు అరుస్తావు. ఈ వయసులో పాప ముందర నీతో అరిపించుకోవాల్నా?"

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళూ మంకుపట్టు అనుకున్నాను. అది నా నోరంటే భయం. సొంత మనవరాలితో ఆమె మాట్లాడకుండా పోవడానికి ఆ రోజు నేను విసిరిన ఒక్క మాట చాలింది. ఎప్పుడూ రాని ఏడుపు వచ్చింది. "ఆ పొద్దు మీరు చెప్పిందే రైటు అత్తా. మేమే తిరగేసి నేర్చుకున్నాము. మీ మాట వినుంటే..."

"తెలుసు లే," అంది. "స్టేషను నించి వచ్చినాక చెయ్యి మార్చినారు కదా. నాకు కండ్లు లేవా?" కొంగుతో నా ముఖం తుడిచింది. "పాప పుస్తకం అచ్చు కావల్నంటే చేస్తాను. నువ్వు మాత్రం ఈడ నోరు తెరవగూడదు."

ఒక గురువారం ఉదయం ఆ పుస్తకాలు వేసే ఆయన మా ఇంటికి వచ్చాడు. పాపను మేడ మీదికి పంపించాం. నన్ను వంటింటి గుమ్మంలో నిలబెట్టారు, చూడొచ్చు గాని కదలకూడదు. ఆయన మూడు మాటలు ఎంచి ఆ పేజీల్లో చీటీలు పెట్టాడు. నీళ్ళు, నొప్పి, రేపు. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని, గోడకు ఆనుకుని, పుస్తకం ఒళ్ళో పరుచుకుంది. మొదటి బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత చేతులు కదిలాయి. ఎడమది లేస్తుందేమోనని గుమ్మాన్ని గట్టిగా పట్టుకున్నాను. కుడిచెయ్యే లేచింది. అరచెయ్యి ఎటు తిరగాలో అటే తిరిగింది. రవిక తొడుక్కున్నంత సులువుగా ఆమె చేతులు ఆ బొమ్మ చేతుల్లోకి దూరిపోయాయి. మూడూ అయ్యాక, మళ్ళీ మళ్ళీ చేసుకుని చూసుకుంది. "సెరి, పిలవండి దాన్ని," అంది.

పాప వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏ మాటలు ఎంచారో దానికి తెలియదు. అత్త పుస్తకం పక్కనపెట్టి మూడూ చేసింది. పాప వరసగా కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చింది. నీళ్ళు, నొప్పి, రేపు. ఆయన కాగితం చూశాడు, అత్తను చూశాడు, "వీపులే వేద్దామమ్మా," అన్నాడు. నేను ఆ మాట చేతులతో చెప్పీ చెప్పకముందే పాప ఎగిరి గంతేసింది. నా కూతురు గెలిచింది. నాకు ఎవరినైనా పట్టుకుని ఊపేయాలనిపించింది.

అంతటితో పని అయిపోయింది, కానీ అత్త మళ్ళీ పుస్తకం అందుకుంది. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతూ ఏదో వెతుకుతోంది. దొరికింది కాబోలు, పాప మోకాలు తట్టి, వేలు తన ముక్కుపుడక దగ్గర పెట్టుకుంది. అమ్మ. ఇంకో పేజీ తిప్పింది. కోపం. ఇంకో పేజీ. ఎక్కువ.

పాప ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, పడీ పడీ నవ్వింది. ఎక్కువ కాదు, చాలా చాలా ఎక్కువ, అని చేసి చూపించింది. ఆ సైగ పుస్తకంలో లేదు. అత్త అక్కడికక్కడే పట్టుకుని తిరిగి చేసింది.

"ఏమంటున్నారండీ?" అని ఆయన నన్ను అడిగాడు.

"నా మీద చాడీలు చెప్పుకుంటున్నారు," అన్నాను. అంత సంతోషంగా ఆ మాట ఏ కోడలూ అని ఉండదు.

అత్త ఇంకేదో చేయబోయి, నావైపు ఓరగా చూసి ఆగిపోయింది. పాప అది చూసింది. నావైపు తిరిగి వేలు గుండ్రంగా తిప్పింది. నువ్వు అటు తిరుగు, మేం మాట్లాడుకుంటున్నాం, అంది.

గోడవైపు తిరిగి నిలబడ్డాను. నా వెనక అరగంటసేపు గాజుల చప్పుడు, పేజీల చప్పుడు, మధ్య మధ్య అత్త నవ్వు. వాళ్ళిద్దరూ ఏం చెప్పుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.