తండాలో తొమ్మిది మందికి షుగరు

2004 ఫిబ్రవరిలో నన్ను సత్తెనపల్లి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. హోదాలో డాక్టరుకీ, నర్సుకీ కింద, జీపు డ్రైవరుకి కాస్త పైన. ఆ కాస్తనీ డ్రైవరు ఒప్పుకునేవాడు కాదు. చేరిన వారానికే లంబాడీ తండాలో షుగరు పరీక్షల క్యాంపు పడింది. మిరప కోతల కాలం; కళ్ళాల ఘాటుకి మా జీపు కూడా రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

పరగడుపు పరీక్షకి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. తెల్లారకముందే తిని కూలికెళ్ళేవాళ్ళతో అది కుదరని పని. అదృష్టం కొద్దీ ఆ రోజు తండాలో భోగ్ పూజ. గోధుమ రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి అగ్నిలో వేసేదాకా ఎవరూ ఎంగిలిపడరు. ఇంకేం, ముద్ద కలుపుతున్న ఆడవాళ్ళని అటునుంచటే పిలిచి కూర్చోబెట్టాను. వేలిని స్పిరిట్ దూదితో తుడవడం, సూదితో పొడవడం, చుక్కని గ్లూకోమీటరు పట్టీకి అందించడం. అంతే పని.

పదకొండు మందిని పొడిస్తే తొమ్మిది మందికి మూడు వందల పైమాటే. గౌరీబాయికైతే నాలుగు వందల పన్నెండు. ఆవిడ తండా పెద్ద నాయక్‌కి అక్క. అరవై దాటినా, మిరప కోతలో ఆవిడ సాలుని అందుకోలేక పడుచువాళ్ళు ఆయాసపడేవారు. డాక్టరమ్మ ఆ అంకె చూసి కంగారుపడి, ఆ రోజు నుంచే వేసుకోమని మాత్రలు రాశారు.

నాయక్ పగలబడి నవ్వాడు. "ఇన్నేళ్ళూ నీలో ఉన్నదంతా కారమే అనుకున్నానక్కా!"

"నోరు ముయ్యరా" అని గౌరీబాయి నా వైపు తిరిగింది. "సారూ, ఈ తొమ్మిది మందిమీ ముద్ద కలిపినోళ్ళమే. లేదన్న ఆ ఇద్దరూ బోరు కాడ గుడ్డలు ఉతికి వచ్చారు. రోగం పని చూసుకుని పడుద్దా?"

"స్పిరిట్‌తో తుడిచాను కదమ్మా" అన్నాను, కాస్త బిగిసి.

ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీసింది. జిగురు సాగింది. "నువ్వు తుడిచింది దుమ్ము. బెల్లం పోవాలంటే నీళ్ళు పడాల."

బోరు దగ్గరికెళ్ళి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వేరే వేలు చాపింది. తొంభై ఆరు. నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. మిగతా ఎనిమిది మందీ కడుక్కుని వచ్చారు. ఒక్కరికీ షుగరు లేదు. డాక్టరమ్మ మాత్రల చీటీలన్నీ వెనక్కి తీసుకుని చించేశారు. షుగరు లేని మనిషి ఆ మాత్ర వేసుకుని ఎండలో కోతకెళితే, షుగరు పడిపోయి సాలులోనే కూలిపోవచ్చని తిరుగుదారిలో జీపులో నాకు విడిగా చెప్పారు.

చీటీలు చించినంత మాత్రాన గౌరీబాయి ఊరుకోలేదు. తమ్ముణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "కడుక్కో. రెండుసార్లు కడుక్కో." రెండుసార్లూ కడిగించాకే నేను పొడిచాను. రెండు వందల అరవై ఎనిమిది. మర్నాడు నరం నుంచి తీసిన రక్తమూ అదే మాట చెప్పింది. ఆవిడ నవ్వలేదు. మాత్ర ఎప్పుడు వేయాలో, అన్నం ఎంత తగ్గించాలో తానే అడిగి తెలుసుకుంది.

ఆ తర్వాత నా సర్వీసులో చేతులు కడిగించకుండా ఎవరినీ పొడవలేదు. మీటరు తనకి అందిన చుక్కలో ఏముందో చెబుతుంది. ఆ చెయ్యి అంతకుముందు ఏ పనిలో ఉందో కనుక్కోవడం టెక్నీషియన్ పని. ఆ రోజు నా పని గౌరీబాయి చేసింది.