పదకొండు నిమిషాలేనండీ!

సత్యానందం గారింటికి ఎవరొచ్చినా సరే, గ్యాస్ బండ దించడానికి వచ్చినవాడైనా సరే, ‘చేపల చెరువుకు సున్నం వేయు విధానం’ సినిమా చూడకుండా గడప దాటలేడు.

కైకలూరు చుట్టుపక్కల ఊళ్ళకు వ్యానులో తిరిగి రైతులకు సినిమాలు వేసిన ఆపరేటరాయన. నలభై ఎనిమిదేళ్ళ నాటి ఆ రీలును, మూలపడ్డ ప్రొజెక్టరును రిటైరైనప్పుడు ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటినుంచి భార్య మణెమ్మకు మనశ్శాంతి లేదు.

“పదకొండు నిమిషాలేనండీ!” అని అతిథిని కూర్చోబెడతారు. కిటికీకి దుప్పటి అడ్డం పట్టడానికి చేపలమ్మే అచ్చాయమ్మను పిలుస్తారు. గోడ మీద ఒకాయన సున్నం చల్లుతాడు, చల్లుతూనే ఉంటాడు.

“ఆ విసురు చూశారాండీ! ఇప్పుడెవరికుందండీ ఆ చెయ్యి?”

మణెమ్మ తమ్ముడు యేసుదాసు పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళకీ సున్నమే చూపించారు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. ఈ మనిషితో ఇక వేగలేననుకుంది.

రీలు ముసలిదైపోయింది. ఆడించినప్పుడల్లా ఎక్కడో తెగుతుంది. తెగినచోట కాస్త కత్తిరించి అతికిస్తారు. పదకొండు నిమిషాలది ఏడుకు దిగింది.

“ఫోన్లోకి ఎక్కించుకోండి, పుణ్యముంటుంది!” అనేది మణెమ్మ.

“ఫోన్లో మనిషి వేలెడంతుంటుందే. గోడ మీదైతే నిలువెత్తు!” అనేవారు. మళ్ళీ రీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, “ఇది పోతే ఇంకేం లేదు, మణీ” అని కుమిలిపోయేవారు. సున్నం కోసం అంత దిగులేమిటో ఆవిడకు అర్థమయ్యేది కాదు.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక హెన్రీ మాస్టారు దొరికారు. గోడ మీద సున్నం చల్లడం అయింది. సినిమా చివర కొల్లేట్లో దోనె మీద వస్తున్న ఒకామె తల తిప్పి నవ్వబోయింది. టప్పున రీలు తెగింది. సత్యానందం గారు తల పట్టుకుని కూలబడ్డారు. మణెమ్మ “దేవుడా, స్తోత్రం” అనబోయింది.

కిటికీ దగ్గర దుప్పటి జారిపోయింది.

“అమ్మ పోయిందాండీ, బాబుగారూ?” అంది అచ్చాయమ్మ.

పొత్తిళ్ళలో ఉండగానే తల్లి పోయిందనీ, ఒక్క ఫోటో అయినా లేదనీ ఆమె ఎప్పుడో చెప్పింది. మణెమ్మ విని మరిచిపోయింది.

“వాళ్ళ లంకలో ఈ సినిమా వేసినప్పుడు జనమంతా ఆ దోనెలో మనిషిని గుర్తుపట్టి కేకలేశారే” అన్నారు సత్యానందం గారు నెమ్మదిగా. “చూద్దువుగాని రమ్మంటే అచ్చాయమ్మ మొహమాటపడి రాదు. దుప్పటి పట్టుకోమంటే వస్తుంది.”

 మణెమ్మ ఆయన కళ్ళజోడు తుడిచి చేతికిచ్చింది. అదృష్టం, నవ్వుకు రెండు వేళ్ళ ముందే తెగింది. అతికించేసరికి కాస్త కొల్లేటి నీళ్ళే తరిగాయి, నవ్వు మిగిలింది.

నిన్న కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను జారుకోబోతుంటే మణెమ్మే చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

“కూర్చో బాబూ, పదకొండు నిమిషాలే! అచ్చాయమ్మా, దుప్పటి ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను. నువ్వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో.”